కంటార్టెడ్‌కి మూడు చీటీలు

మార్చి 3, సోమవారం

ఆఫీసు నుంచి పెట్టె వచ్చింది. సెలవులో ఉన్నదాన్ని కదా, వదిలేస్తారనుకున్నాను. "నువ్వు ఆఫీసుకి రాలేకపోతే ఆఫీసే మీ ఇంటికొస్తుందమ్మాయ్" అన్నారు పెద్దాయన ఫోన్లో. మా నిఘంటువుకి ఆయనే ప్రధాన సంపాదకుడు. దయతోనే అన్నారనుకుంటాను.

మా అమ్మాయి పిచ్చుక కాలేజీ నుంచి రాగానే పెట్టె మూత తీసింది.

"చెప్పులనుకున్నానమ్మా. కాగితాలా!"

చెప్పాను. ముప్పై ఎనిమిది ఇంగ్లీషు మాటలు. ఒక్కోదానికీ తెలుగు అర్థం రాయాలి, వాడుక చూపించే వాక్యాలు మూడు రాయాలి, ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద. చీటీ వెనక మూడు గళ్లు: ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, సంతకం.

"వాక్యానికి చూడ్డమేంటి?"

పెద్దాయన నియమం. ఊహించి రాసిన ఉదాహరణలో ఉప్పుండదట. కళ్లతో చూసిందే వాక్యం చేయాలి, అదీ చూసినంతే. చూసి మనం ఏమనుకున్నామో అందులో కలపకూడదు.

"అబద్ధం రాస్తే ఎవరికి తెలుస్తుంది?"

"శుక్రవారం అందరూ కూర్చుని పైకి చదువుతాం. ఎవరో ఒకరు పట్టేస్తారు."

"ఎవరు?"

"మామూలుగా నేనే."

నిజమే. పోయినేడు కామా గారు "ఆమె బాధతో ముఖం తిప్పుకుంది" అని రాసుకొచ్చారు. బాధ అని మీకెవరు చెప్పారండీ, ఆవిడ చెప్పిందా, అనడిగాను. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. (ఊపిరి తీసుకున్న చోటల్లా కామా పెడతారు ఆయన. పేరు నేను పెట్టింది కాదు. వ్యాప్తి చేసింది నేను.)

పెట్టెలో అట్టడుగున ఉన్న మాట: కంటార్టెడ్. మెలి తిరిగిందనడానికి వాడే మాట.

ఆఫీసులో పద్నాలుగు మందిమి. ఇది నాకే రావాలా. మందులు వాడ్డం మొదలై ఇవాళ్టికి ఆరో రోజు.

మార్చి 4

టీ ఒంటి మీద పడింది. కప్పుకి పగులుందేమోనని తిప్పి తిప్పి చూశాను. లేదు.

మార్చి 5, బుధవారం

ఫిజియో అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుండవు. "పెదాలు బిగించి బుగ్గలు పూరించండాంటీ" అంది. పూరించాను. కుడిపక్క నుంచి గాలి బుస్సుమని పోయింది, సైకిలు ట్యూబులోంచి పోయినట్టు.

"ఏం ఫర్లేదు. పాప, బాబు, మామ అనండి."

ఫాఫ, వావు, వావ.

పెదాలు కలిస్తే తప్ప పలకని అక్షరాలు ఐదు: ప, ఫ, బ, భ, మ. వాటిని ఓష్ఠ్యాలంటారని ఒకప్పుడు క్లాసులో పాఠం కూడా చెప్పాను. ఇప్పుడు ఐదింట్లో ఒక్క ఫ మిగిలింది. దానితో మొదలయ్యే తెలుగు మాటలు ఎన్నున్నాయి గనక. నిఘంటువులో పేజీ కూడా నిండదు.

డాక్టరు ముందే చెప్పాడు, పక్షవాతం కాదు, ముఖంలో నరం వాచింది, మూడు వారాలు పట్టచ్చు, మూడు నెలలూ పట్టచ్చు అని. ఈ పిల్ల ఇంకో సంగతి చెప్పింది. "మూతిని వంకర తిప్పుతున్నది జబ్బు పక్క కాదాంటీ. అది ఊరికే పడుకుంది. బాగున్న పక్కే దాన్ని తన వైపు లాగేసుకుంటోంది." అద్దంలో చూసుకుంటూ కసరత్తు చేయమంది. అలాగేనన్నాను.

వెళ్లేటప్పుడు తలుపేయమని పిచ్చుకని పిలిచాను. "ఫిచ్చుకా!"

"కొత్త పేరు బానే ఉందే" అని నవ్వింది అది.

నవ్వడానికేముంది అందులో.

మార్చి 7, శుక్రవారం

ఆఫీసుకి, శుక్రవారం చదువుకి వెళ్లలేదు. కన్ను సరిగ్గా మూతపడదు కదా, ఎండకి నీళ్లు కారతాయి. మధ్యాహ్నం మబ్బు పట్టింది. దుమ్ము కూడా ఉంటుంది కదా.

ముప్పై ఏడు మాటలు అయిపోయాయి. ఇంత త్వరగా ఎప్పుడూ చేయలేదు. ఇంట్లో కూర్చుంటే పని అవుతుందని ఇన్నాళ్లూ తెలియలేదు.

మా ఆయన సర్వేయరు. ఏ గోడ ఎంత వంకరుందో అంగుళంలో పదోవంతుకి చెప్పగలడు. పోయినేడు పక్కింటివాళ్ల ప్రహరీ మన వైపుకి నాలుగు అంగుళాలు ఒరిగిందని పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లి చూపించాడు. రాత్రి అన్నం దగ్గర అడిగాను, ఎలా ఉంది నా ముఖం అని.

"అసలేం తెలియట్లేదోయ్."

"అసలేనా?"

"కొత్తవాళ్లెవరూ కనిపెట్టలేరు."

అంటూ కూర పళ్లెం అందుకోవడానికి లేచి, నాకు ఎడమపక్క కుర్చీలోకి మారాడు. బాగున్న పక్క. వారం రోజులుగా అటే కూర్చుంటున్నాడు. ఫ్యాను గాలి అటే బాగా వస్తుందట.

మార్చి 9, ఆదివారం

ఇక తప్పదు కాబట్టి కంటార్టెడ్ తీశాను.

ముందు దాని దాయాదులు. డిఫార్మ్‌డ్: పుట్టుకతోనో దెబ్బతోనో ఆకారం చెడినది. సొట్టపోయిన గిన్నె. డిస్టార్టెడ్: వస్తువు బానే ఉంటుంది, మనకి అందేటప్పుడు మారుతుంది. గరిటె వెనకవైపు కనిపించే ముఖం, ఫోన్లో బొంగురుగా వినిపించే గొంతు. కంటార్టెడ్ వీటిలాంటిది కాదు. అది మెలి తిరగాలి. లోపల ఏదో బలం ఉండి తిప్పాలి. కోపం, నొప్పి, ఇరుకు. చోటు చాలని చెట్టు వేళ్లు. చిన్న పెట్టెలో దూరిన గారడీ మనిషి ఒళ్లు. తప్పు ఒప్పుకోవడం ఇష్టంలేని మనిషి వాదన కూడా అంటారు ఇంగ్లీషులో. మనమూ అంటాంగా, మాట మెలికలు తిరిగిందని.

అర్థం రాశాను: మెలికలు తిరిగిన. రెండో అర్థం, ముఖం విషయంలో వాడేది, ఇవాళ రాయలేదు. చెయ్యి నొప్పెట్టింది.

మొదటి చీటీ: కాలిబాట రాళ్లు పైకి లేపేసిన చెట్టు వేళ్లు. వీధి మొదట్లో, పోయిన నెల చూసింది. రెండో చీటీ: తడి కోటు బరువుకి మెలిపడిన తీగ హ్యాంగరు. మా అలమరలో, ఇవాళే. మూడోది దొరకలేదు. ముఖం ఉండాలి. మిగతా నిఘంటువులన్నీ ముఖంతోనే మొదలుపెడతాయి.

నా ముఖం ఈ మాట కిందికి రాదు. ఇందులో బలమూ లేదు, కోపమూ లేదు. నరం వాపు, అంతే. రాదు కాబట్టే రాయట్లేదు.

పెట్టె అడుగున పంపకాల జాబితా ఉంది. ఈ మాట నాకు అంటగట్టిందెవరో చూద్దామని తీశాను. జనవరిలో వేసింది. దస్తూరీ నాదే. "ఇది సరదాగా ఉంటుంది, నాకుంచండి" అని పక్కన రాసి కూడా ఉంది.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం మూడున్నర. పిచ్చుక ఇవాళ తొందరగా వచ్చింది. నేను పడుకున్నాననుకుంది.

స్నానాలగది తలుపు ఓరగా వేసి ఉంది. నీళ్ల చప్పుడు వస్తుంటే కొళాయి కట్టలేదేమోనని వెళ్లాను. లోపల అది అద్దం ముందు నిలబడి ఉంది. నా కంటికి అతికించుకునే ప్లాస్టరు ముక్క తీసి, తన కుడి మూతి చివర అతికించుకుని, దాన్ని కిందికి లాగింది. మూతి వంకరపోయింది. నా మూతే. చేతిలో గ్లాసు. తాగింది. నీళ్లు గడ్డం మీంచి చొక్కా మీదికి కారాయి. అద్దంలోకి చూస్తూ "ఫిచ్చుక, ఫిచ్చుక" అంది. ఫక్కున నవ్వింది. మళ్లీ గ్లాసు నింపుకుంది.

వచ్చేశాను.

స్నేహితురాళ్ల ముందు చేసి చూపించడానికి సాధన అన్నమాట. చిన్నప్పుడు నేనూ చేశాను కదా, లెక్కల టీచరు కుంటుకుంటూ నడిస్తే వెనకాలే నడిచి. క్లాసంతా నవ్వింది. నేను వెక్కిరించింది నా కన్నతల్లిని కాదు, అదొక తేడా.

మూడో చీటీ దొరికింది.

"తల్లికి మూతి వంకరపోతే కూతురు అద్దం ముందు మూతి మెలికలు తిప్పి వెక్కిరించింది." ఎక్కడ: మా ఇంట్లో, స్నానాలగది తలుపు సందులోంచి. ఎప్పుడు: మార్చి 11. సంతకం.

ఇది పంపను. కడుపులోది దించుకోవడానికి రాశాను, అంతే.

మార్చి 12

నీళ్లడిగితే పిచ్చుక సగం గ్లాసే పోసి ఇచ్చింది. అదీ చిన్న గ్లాసు. అమ్మకి గ్లాసు నిండా నీళ్లు పోసే ఓపిక కూడా లేదు. నా ఎడమపక్కకి వచ్చి మరీ ఇచ్చింది. తండ్రి పోలిక. ఇంట్లో ఇద్దరికీ నా కుడిపక్క పనికిరాదు.

తాగాను.

మార్చి 13, గురువారం

మళ్లీ సగం గ్లాసు.

"నిండా పోస్తే అరిగిపోతావా?" అన్నాను.

"ఇంకోసారి పోస్తా కదమ్మా. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."

ఎంత తెలివైన సమాధానం. దాన్ని చదివించింది నేనే.

పెద్దాయన ఫోన్ చేశారు. రేపటికి పెట్టె కావాలట. "నువ్వొచ్చి చదివితే బాగుంటుంది. రాలేకపోతే కామా చదువుతాడు." గొంతు బాగోలేదన్నాను. "ఇప్పుడు మాట్లాడుతున్నావుగా" అన్నారు. ఫోన్లో ముఖం కనపడదు కదా, ఆ తేడా ఆయనకి ఎలా చెప్పను.

కాలేజీ అయ్యాక పిచ్చుక తీసుకెళ్తానంది. "మీ ఆఫీసు ఎప్పుడూ చూపించలేదుగా" అంది.

మార్చి 14, శుక్రవారం, ఉదయం

పెట్టె సర్దాను. ఆ చీటీ తీసేశాను. తీసేశాననే గుర్తు. చివర దారం నేనే కట్టాను.

సాయంత్రం

ఐదున్నరకి వచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టింది.

"చదివారా?"

"చదివారు."

"అన్నీనా?"

"అన్నీ."

చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లి సగం గ్లాసు నీళ్లు తెచ్చి నా ఎడమచేతికి ఇచ్చింది. "తాగమ్మా" అంది. తన గదిలోకి వెళ్లి చదువుకుంటోంది. తలుపు తీసే ఉంది.

ఆ చీటీ కోసం బల్ల కింద చూశాను. పరుపు కింద చూశాను. ఈ డైరీ పేజీలన్నీ దులిపాను. లేదు.

ఎక్కడో ఉండే ఉంటుంది. ఇల్లు పెద్దది.

మార్చి 15, శనివారం

మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు, వంటిల్లు. పెద్దదని నిన్న ఎందుకు రాశానో.

కామా గారు ఫోన్ చేశారు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం ఆయన వల్ల కాదు.

"మేడమ్, నన్ను క్షమించాలి, మూడో చీటీ, చదివేశాక గానీ, వెనక వైపు చూడలేదు."

"చదివేశారా?"

"పైకి. గట్టిగానే. తర్వాత వెనక ఉన్నది కూడా చదివాను, అలవాటుగా, 'మా ఇంట్లో' అని. అప్పుడు అందరూ, అదే, కిటికీ పక్క కుర్చీలో మీ అమ్మాయి ఉంది కదా, అటు చూశారు."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

"ఏడుస్తుందనుకున్నామండీ. ఏడవలేదు. లేచి, పెద్దాయన దగ్గరికెళ్లి, 'నాకూ ఒక చీటీ ఇస్తారా తాతగారూ' అంది."

"ఇచ్చారా?"

"ఇచ్చారు. నిలబడే రాసింది. అందరి ముందూ తనే చదివింది. అది కూడా మీ పెట్టెలోనే పెట్టాం. మీరు చూడలేదా?"

చూశానన్నాను.

పెట్టె బల్ల మీదే ఉంది. నేను కట్టిన ముడి కాదు దారానికి ఇప్పుడున్నది. అమ్మాయిలు రిబ్బనుకి వేసే ముడి.

మార్చి 16

కళ్లకి విశ్రాంతి ఇవ్వమన్నాడు డాక్టరు. ఏమీ చదవలేదు.

మార్చి 17, సోమవారం

ఫిజియో అమ్మాయి వచ్చింది. అద్దంలో చేస్తున్నారా కసరత్తు అనడిగింది. చేస్తున్నానన్నాను. "చేస్తే ఈపాటికి కొంచెం తెలిసేదాంటీ" అంది. చూసినంతే మాట్లాడుతుంది ఈ పిల్ల. మా ఆఫీసులో ఉండాల్సింది.

పిచ్చుక నాతో మామూలుగానే ఉంది. అలగలేదు, తలుపులు విసరలేదు, మూతి ముడుచుకోలేదు. కసిరితే బాగుండేది. దానికి పదిహేడేళ్లు, ఆ హక్కుంది. ఇవాళ నా దిండు దగ్గర కొత్త ప్లాస్టరు చుట్ట పెట్టింది. "పాతది నేను కొంచెం వాడేశానమ్మా" అంది, నా కళ్లలోకి చూస్తూనే.

మార్చి 18, మంగళవారం

పొద్దున్న ఆయన సైటుకి, అది కాలేజీకి వెళ్లాక ముడి విప్పాను.

కంటార్టెడ్‌కి నాలుగు చీటీలున్నాయి.

వేళ్ల చీటీ మీద పెద్దాయన ఎర్ర పెన్సిలుతో "సరే". హ్యాంగరు మీద "సరే, కానీ ప్రాణం లేదు". నా మూడోదాని మీద అడ్డంగా గీత. కింద రాశారు: "వెక్కిరించింది అన్నది కంటికి కనపడే పని కాదు. చూసింది కాదిది, అనుకున్నది. ఈ నియమం మా అందరికన్నా నీకే బాగా తెలుసు."

నాలుగోది పిచ్చుక దస్తూరీ. గుండ్రటి అక్షరాలు, నిలబడి రాసినందుకు కొంచెం పక్కకి ఒరిగాయి.

"అమ్మ తాగుతుంటే నీళ్లు ఎందుకు కారిపోతున్నాయో తెలుసుకుందామని ఆ అమ్మాయి ప్లాస్టరు అతికించుకుని తన మూతి కూడా అలాగే వంకర తిప్పుకుంది. నిండు గ్లాసైతే కారతాయి. సగం గ్లాసైతే, ఎడమ నుంచి తాగితే, కారవు."

ఎక్కడ: మా ఇంట్లో అద్దంలో. ఎప్పుడు: మార్చి 11. సంతకం పెట్టి, కింద చిన్నగా: "నవ్వాను కూడా. నీళ్లు పొట్ట మీదికి పోయి చల్లగా తగిలాయి."

దాని మీద ఎర్ర పెన్సిలు: "చివరి వాక్యాలు మనకి అక్కర్లేనివి. కొట్టెయ్యబుద్ధి కాలేదు. ముఖం తాలూకు ఉదాహరణకి ఇదే తీసుకుందాం. అయితే బయటివాళ్ల చీటీ కాబట్టి చూసిన సంపాదకులెవరైనా సాక్షి సంతకం పెట్టాలి."

చూసిన సంపాదకులు. ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, అదీ తలుపు సందులోంచి.

పన్నెండో తారీకు పేజీ తిరగేసి చదువుకున్నాను, ఓపిక లేదని రాసిన చోట. పదమూడు కూడా. ఎర్ర పెన్సిలు ఇంట్లో లేదు, ఉంటే ఈ డైరీలో సగం మిగిలేది కాదు.

కంటార్టెడ్ రెండో అర్థం రాశాను: (ముఖం) వంకరపోయిన, మెలితిరిగిన. రాయడానికి చెయ్యేమీ నొప్పెట్టలేదు.

సాక్షి సంతకం పెట్టలేదింకా.

సాయంత్రం అది వచ్చేసరికి స్నానాలగదిలో ఉన్నాను. తలుపు ఓరగా వదిలాను.

"ఏంటమ్మా, ఫిజియో కసరత్తా?"

"రా."

వచ్చి పక్కన నిలబడింది. అద్దంలో రెండు ముఖాలు. ఈ మూడు వారాల్లో నా ముఖం నేను అంతసేపు చూడలేదు. అది ఏమీ అడక్కుండా ప్లాస్టరు ముక్క చింపి తన మూతి చివర అతికించుకుని లాగింది.

"ఫా అను."

"ఫా."

"నాదీ అంతే వస్తుంది చూడు. ఫా."

"నువ్వు దొంగ. నీకు ఫీకేస్తే ఫోతుంది."

"నీకూ పోతుందిలే. వేలితో ఇక్కడ పట్టుకో. ఇక్కడ కాదు, ఇక్కడ. నేను మొత్తం చేసి చూశాగా. పట్టుకుంటే సగం ప వస్తుంది."

పట్టుకున్నాను. సగం ప వచ్చింది.

"ఫిచ్చుకా."

"ఆ?"

"ఆ చీటీ తీసేశాననుకున్నాను."

అది ప్లాస్టరు పీక్కుంది. అబ్బా అంది. నాలుగు రోజులుగా దాచుకున్నదంతా అప్పుడు వచ్చింది. "అంతమంది ముందు చదివారమ్మా. నన్నే అడిగుండొచ్చు కదా, ఏం చేస్తున్నావే అని. ఒక్క మాట. తలుపు తోస్తే చాలు."

"అవును."

"అవునంటే?"

"తోసుండాల్సింది."

ముక్కు చీదుకుంది. తర్వాత గ్లాసు కడిగి, సగం నింపి ఇచ్చింది. కింద పడకుండా తాగాను.

అది వెళ్లాక చీటీ తీసి సాక్షి గళ్లు నింపాను. ఎక్కడ: మా ఇంట్లో, స్నానాలగదిలో. ఎప్పుడు అన్నచోట 11 వేశాను. రబ్బరుతో చెరిపి 18 వేశాను. సంతకం చేశాను.

మార్చి 20

అన్నం దగ్గర మా ఆయన్ని కుడిపక్కకి వచ్చి కూర్చోమన్నాను. ఫ్యాను గాలి అన్నాడు. ఫ్యాను ఆపేశాను. వచ్చి కూర్చుని, చాలాసేపు చూసి, "ఎడమ చివరకన్నా కుడి చివర పావంగుళం కింద ఉందోయ్" అన్నాడు. మొన్న అసలేం తెలియట్లేదన్నారుగా అన్నాను. పక్కింటి ప్రహరీకన్నా నయమేనన్నాడు. పెళ్లయ్యాక ఈయన నాకు చెప్పిన మాటల్లో ఇంత కచ్చితమైనది ఇంకోటి గుర్తురావట్లేదు.

మార్చి 21, శుక్రవారం

వెళ్లాను. ఎండ బాగానే ఉంది, కన్ను కారింది, తుడుచుకున్నాను. ముఖం చూసి ఇద్దరు తలలు దించుకున్నారు, ఒకరు దించుకోలేదు, మిగతావాళ్లని నేను చూడలేదు.

కంటార్టెడ్ నేనే చదివాను. మూతి దగ్గర వేలు పెట్టుకుని. "అమ్మ" అన్న మాట రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

పెద్దాయన చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటమ్మాయ్, ఆ పిల్ల పదకొండున చూశానంటుంది, సాక్షివి నువ్వు పద్దెనిమిదంటావు. ఒకే సంఘటనకి తేదీలు కలవట్లేదే?"

"నాకు ఆలస్యంగా కనిఫించిందండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన పెన్సిలు ఎత్తి, ఒక నిమిషం పట్టుకుని, దించేశారు. "రెండు తేదీలూ ఉండనీ."

నాకు ఎదురుగా కామా గారు మీటింగు పుస్తకంలో రాసుకుంటున్నారు. తలకిందులుగా చదవడం పదకొండేళ్ల అలవాటు. "ఆలస్యంగా, కనిఫించింది" అని ఉంది. ఆ కామా ఆయనది. ఆ ఫ నాది. విన్నది విన్నంతే రాయాలని ఆయనకి నేర్పింది నేనే. సరిదిద్దమనలేదు.